సంతకానికి ముందు పది సెకన్లు: ఒక కేస్ స్టడీ

ఆయన నా దగ్గరికి వచ్చింది నిద్ర పట్టడం లేదని. పడుకోగానే పడుతుంది, మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, ఇక తెల్లారేదాకా కళ్లు తెరుచుకుని పడుకోవడమే. రెండు నెలలుగా ఇదే వరస. ఫిజీషియన్ పరీక్షలన్నీ చేయించి, ఒంట్లో ఏ లోపమూ లేదు, టెన్షన్ తగ్గించుకోండి అని చెప్పి పంపారు. ఆ టెన్షన్ ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

వయసు 44. మందులు నిల్వచేసే ఒక గిడ్డంగికి ఇన్‌ఛార్జి. ఇంట్లో భార్య, 11 ఏళ్ల కూతురు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, పేరు అసలే వాడటం లేదు. రాసింది ఆయనకు చూపిస్తే ఒకచోట ‘ఈ మాట నేను అనలేదండి’ అన్నారు. తీసేశాను.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని, డాక్టర్ని కాను. ఆయన మొదటి రోజు నుంచీ ‘డాక్టర్ గారూ’ అనే పిలిచారు. చాలామంది అలాగే పిలుస్తారు. నేనూ చాలా ఏళ్లుగా దిద్దడం మానేశాను.

మొదటి రెండు సెషన్లు మామూలుగా నడిచాయి. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 7 వచ్చింది, అంటే డిప్రెషన్ లక్షణాలు స్వల్పం. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 11, అంటే ఆందోళన మధ్యస్థం. పని ఒత్తిడి, పైవాళ్ల ఫోన్లు, ఆడిట్లు, వీటి గురించే మాట్లాడారు. ఏ ఒక్కటీ మూడింటికి లేపేంత పెద్దదిగా నాకు అనిపించలేదు. పైగా ఆయనకు ఒక అలవాటు ఉంది: ఇబ్బందైన చోటికి రాగానే ‘అదంతా మామూలే లెండి’ అనేవారు. ఆ ‘మామూలే’ ఎక్కడెక్కడ వస్తోందో నోట్స్‌లో గుర్తు పెట్టుకున్నాను.

ఏడు టిక్కులు

మూడో సెషన్‌కి జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి టేబుల్ మీద పరిచారు. కూతురి స్కూల్ డైరీలోంచి చింపిన పేజీ. రోజుకు అరగంట పుస్తకం చదివి, చదివిన రోజు గడిలో టిక్ పెట్టాలి, వారాంతంలో అమ్మో నాన్నో సంతకం చేయాలి. ఏడు గళ్లలోనూ ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో ఏడు టిక్కులు. ఏడూ ఒకే వైపు వంగి ఉన్నాయి, ఒకే ఊపులో బరబరా గీసినట్టు. చివరి టిక్కుకి వచ్చేసరికి రంగు పలచబడింది. కింద ఈయన సంతకం.

‘ఆ వారం మా అమ్మాయి పుస్తకం ముట్టుకోలేదండి. మూడు రోజులు జ్వరం. నేను చూడకుండానే సంతకం చేసేశాను.’

కాసేపాగి, ‘ఇది అచ్చం మా లాగ్ షీట్‌లా ఉంది డాక్టర్ గారూ’ అన్నారు.

అప్పుడు బయటికొచ్చింది అసలు కథ. చాలా రకాల టీకాలు, ఇన్సులిన్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాళ్ల గిడ్డంగిలో ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు చూసి కాగితం మీద రాయాలి, ఇన్‌ఛార్జి ‘సరిచూశాను’ అని సంతకం పెట్టాలి. జరుగుతున్నది వేరు. కుర్రాళ్లు వారం చివర కూర్చుని 4.2, 4.6, 4.4 అంటూ నింపేసేవారు. ఈయన పద్నాలుగు సంతకాలు ఒకేసారి పెట్టేసేవారు. నాలుగేళ్లుగా.

రెండు నెలల క్రితం ఒక ఆదివారం రాత్రి ఒక ఫ్రిజ్ ఆగిపోయింది. మెషిన్ తనంతట తాను నమోదు చేసుకునే రికార్డులో ఆరు గంటలపాటు 11 డిగ్రీలు ఉంది. కాగితం మీద అదే రాత్రికి 4.4. తేడా కనిపెట్టింది ఈయన ఒక్కరే.

ఇక్కడ నేను ఆయన్ని ఆపి, కౌన్సెలర్‌గా కాకుండా మామూలు మనిషిగా అడిగాను: ఆ సరుకు ఏమైంది? బయటికి పోనివ్వలేదని చెప్పారు. పక్కన పెట్టించి, ధ్వంసం చేయించారు. కానీ కారణం రాసేచోట ‘పెట్టెలు తడిశాయి’ అని రాశారు. ఫ్రిజ్ సంగతి రాస్తే 4.4 కింద తన సంతకం ఎలా వచ్చిందని అడుగుతారు కదా.

మంచి పని అబద్ధం ఆడి చేశారు. ఈ రెండూ ఆయనలో కలవడం లేదు. ‘నేను మంచివాడినా కాదా’ అన్న ప్రశ్న మూడింటికి లేపుతోంది. ఇతరులకు హాని జరిగే అవకాశం ఉంటే గోప్యత లెక్క మారిపోతుంది కాబట్టి, ఆ సాయంత్రమే నా సూపర్‌వైజర్‌తో చర్చించాను. సరుకు ధ్వంసం చేసిన కాగితాలు ఆయన తర్వాతి సెషన్‌కి తెచ్చి చూపించాక గానీ నా మనసు కుదుటపడలేదు.

జబ్బా, తప్పా

నైతిక అపరాధ భావంతో వచ్చిన మనిషి విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఓసీడీలో (ఒకే ఆలోచన వదలకుండా వేధించే జబ్బు) ఒక రకం ఉంది, మనిషి చేయని తప్పులకు కూడా కుమిలిపోతాడు, పదిమందికీ పదేపదే చెప్పుకుంటాడు, ‘పర్లేదు’ అని ఎంతమంది అన్నా గంటలో మళ్లీ మొదటికొస్తాడు. అలాంటివారిని ఆడిన అబద్ధాలన్నీ డైరీలో రాయమంటే అగ్గికి ఆజ్యం పోసినట్టే. ఈయనకు ఆ లక్షణాలు లేవు. బాధ నిజంగా చేసిన పనికి సరిపడా ఉంది, అంతకు మించి లేదు. ఒక రకంగా చెప్పాలంటే ఆయన నిద్రలేమి ఆరోగ్యకరమైనదే. దాన్ని మాత్రలతో అణచకుండా, అది ఏం చెప్తోందో విందామనుకున్నాను.

ఇరవై మూడు

ఒక వారం పాటు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోమన్నాను. ఆడిన ప్రతి అబద్ధం, చిన్నదైనా సరే, సమయంతో సహా రాయాలి. మానుకోవాలన్న షరతు ఏమీ లేదు, రాయడమే పని. ఈ పద్ధతి నాది కాదు. సైకాలజిస్టు బెల్లా డిపౌలో బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాగే డైరీలు రాయించారు. కాలేజీ విద్యార్థులు సగటున రోజుకు రెండు, మిగతావాళ్లు సగటున రోజుకు ఒకటి అబద్ధం రాశారు. ఈ అంకె చెప్తే క్లయింట్లు రెండు రకాలుగా స్పందిస్తారు: ‘అంతేనా’ అనేవాళ్లు, ‘నేను అసలు ఆడను’ అనేవాళ్లు. రెండో రకం వాళ్ల డైరీలే ఎక్కువ నిండుతాయని నా అనుభవం.

ఈయన డైరీలో 23 వచ్చాయి. పదకొండు సమయం గురించి: ఇంట్లో ఉండి ‘బయల్దేరాను’, పార్కింగ్‌లో ఉండి ‘మీటింగ్‌లో ఉన్నాను’. ఐదు ‘చూశాను’ అనేవి: చదవని మెయిల్, తెరవని ఫైల్, లెక్కపెట్టని పెట్టెలు. నాలుగు డబ్బుకి సంబంధించినవి, ప్రయాణ ఖర్చుల బిల్లును పై అంకెకు సర్దడం లాంటివి. మూడు ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఆడినవి. సొంత లాభం కోసం ఆడినవి ఈ జాబితాలో నాలుగే. మిగతావాటితో దక్కింది రెండు నిమిషాల ఊరట, ఒక చిన్న ప్రశ్న నుంచి తప్పించుకోవడం.

అంతకంటే ఆసక్తికరమైనది పక్కన రాసిన సమయం. 23లో 16 తొందరలో ఉన్నప్పుడు ఆడినవే. ఇది చూడగానే నాకు డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు 1973లో ప్రచురించిన ప్రయోగం గుర్తొచ్చింది. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులుగా శిక్షణ పొందుతున్న 40 మంది విద్యార్థులను ప్రసంగం చేయడానికి పక్క భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ మూలుగుతూ కుప్పకూలి ఉంటాడు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్లలో ఆగి సాయం చేసింది 10 శాతం. తీరిగ్గా వెళ్లమన్నవాళ్లలో 63 శాతం. వాళ్లలో కొందరు చేయబోయే ప్రసంగమే, దారిలో పడి ఉన్న అపరిచితుడిని ఆదుకున్న మనిషి కథ మీద! ప్రసంగం ఏదన్నది పెద్దగా తేడా చూపలేదు, తొందర చూపించింది.

ఆయనకు ఇది చెప్తే ‘అంటే నా తప్పేం లేదంటారా?’ అని అడిగారు, కాస్త ఆశగా. అలా అనలేదు. తప్పు ఎక్కడ పుడుతోందో చెప్పాను. హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు 1920ల్లో పది వేల మందికి పైగా పిల్లలను క్లాసులో, ఆటల్లో, ఇంటి పనిలో రకరకాలుగా పరీక్షించి 1928లో ఒక విషయం తేల్చారు. ఒకచోట మోసం చేసిన పిల్లవాడు మరోచోట కూడా చేస్తాడని గట్టిగా చెప్పలేం. ‘మంచివాడు’, ‘చెడ్డవాడు’ అని జనాన్ని రెండు గంపల్లో వేయడం కుదరలేదు. ఈయన సంగతి కూడా అంతే. దొరికిన పర్సును, పోగొట్టుకున్నవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చిన మనిషే, లాగ్ షీట్ దగ్గర చూడకుండా సంతకం పెడతాడు. కాబట్టి గుణం మార్చుకోవాలనే పెద్ద మాట పక్కన పెట్టి, ఏ గడప దగ్గర కాలు తడబడుతోందో చూద్దాం అన్నాను.

‘పడిపోయింది’

రికార్డింగులు (అనుమతితో చేసినవి) మళ్లీ వింటుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆయన తన తప్పుల గురించి చెప్పేటప్పుడు వాక్యంలో ‘నేను’ ఉండేది కాదు. ‘టిక్ పడిపోయింది.’ ‘సంతకం అయిపోయింది.’ ‘అలా రాసెయ్యడం జరిగింది.’ మన భాషలో ఈ సౌకర్యం చాలా ఉంది. కర్తను ఇంటిదగ్గర వదిలేసి క్రియ ఒక్కటే ఆఫీసుకు వెళ్లి పని చేసుకొస్తుంది. సైకాలజిస్టు ఆల్బర్ట్ బందూరా నైతిక నియంత్రణ సడలిపోయే దారులను వివరంగా చెప్పాడు: చేసినదానికి మెత్తటి పేరు పెట్టడం, బాధ్యతను పదిమందికీ పంచేయడం, నష్టం లేదనుకోవడం. ఈయన దగ్గర అవన్నీ ఉన్నాయి. ‘ఫార్మాలిటీ.’ ‘అందరూ చేసేదే.’ ‘ఎవరికి నష్టం?’ వాటిని వాదనతో గెలవబోలేదు. వాక్యాన్ని ‘నేను’తో మొదలుపెట్టి మళ్లీ చెప్పమన్నాను, అంతే.

‘నేను... ఫ్రిజ్ దగ్గరికి వెళ్లకుండా... చూశానని సంతకం పెట్టాను.’

ఇంత చిన్న వాక్యానికి దాదాపు నిమిషం పట్టింది. ఆ సెషన్‌లో ఇంకేమీ చేయలేదు.

తర్వాతి వారం ఆయనే అన్నారు, మొదటిసారి చూడకుండా సంతకం పెట్టినప్పుడు ఆ రోజంతా కడుపులో ఏదో తిప్పినట్టు ఉందని, ఏడాది తిరిగేసరికి ఫోన్ మాట్లాడుతూ పెట్టేసేవాడినని. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2016లో దీన్నే మెదడు స్కాన్‌లో చూశారు. సొంత లాభానికి పదేపదే అబద్ధం ఆడుతుంటే అమిగ్డాలా (మెదడులో భావోద్వేగాలకు స్పందించే భాగం) స్పందన తగ్గుతూ పోయింది, అబద్ధం సైజు పెరుగుతూ పోయింది. వినగానే ఆయన ముఖం తేలికపడింది. కడుపులో తిప్పడం ఆగిపోవడం తన ఒక్కడికే జరిగిన వింత కాదని తెలిసి కాబోలు.

నేను చేసిన తప్పులు, రెండు

మొదటిది. ఐదో సెషన్‌లో ఉత్సాహం ఎక్కువై, నెల రోజులు ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఉండి చూడమన్నాను. ఆయనా పౌరుషంగా ఒప్పుకున్నారు. నాలుగో రోజు సాయంత్రం ఫోన్‌లో ‘దారిలో ఉన్నా’ అని నోరు జారారు. ఆ తర్వాత మూడు రోజుల్లో వరుసగా తొమ్మిది. వ్యసనాల మీద పనిచేసిన అలాన్ మార్లాట్ దీన్ని ఎప్పుడో వివరించాడు: సంపూర్ణ నిషేధం పెట్టుకున్నవాడు ఒకసారి జారితే, ఆ ఒక్క జారుడుతో ఆగడు. మనవాళ్లకు మార్లాట్ అక్కర్లేదు, నిండా మునిగినవాడికి చలేమిటి అన్న సామెత ఉంది. నాకు రెండూ తెలుసు. తెలిసీ చేశాను.

ఆయన రెండు సెషన్లు ఎగ్గొట్టారు. కారణం ‘ఆఫీసులో పని’ అని మెసేజ్. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

తిరిగొచ్చాక ఆయన అన్న మాట ఇది: ‘నేను ఇంతేనండి. కుక్కతోక వంకర.’ అపరాధ భావం, సిగ్గు ఒకటి కావని సైకాలజిస్టు జూన్ టాంగ్నీ చాలాకాలంగా చెప్తూ వచ్చింది. ‘తప్పు చేశాను’ అనుకున్నవాడు దిద్దుకోవడానికి చూస్తాడు. ‘నేనే తప్పుడు మనిషిని’ అనుకున్నవాడు దాక్కుంటాడు. నా నెల రోజుల పందెం ఆయన్ని మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి తోసింది. ఆ మాట చెప్పి క్షమాపణ అడిగాను. పనిలో పనిగా, నన్ను డాక్టర్ అనొద్దని, నేను డాక్టర్ని కానని కూడా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, ‘మరి ఇన్ని రోజులూ పలికారేం?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అదంతా మామూలే లెండి అని నోటిదాకా వచ్చింది.

రెండో తప్పు గురించి చెప్పడం నాకు ఇంకా కష్టం. ‘సరిచూశాను’ అనే సంతకాన్ని షీట్ అడుగున కాకుండా పైన పెట్టించమని, ముందే సంతకం చేస్తే జనం నిజాయితీగా నింపుతారని రీసెర్చ్ ఉందని ఆయనకు చెప్పాను. నా వర్క్‌షాప్ స్లైడ్లలో అది ఎప్పటినుంచో ఉంది. 2012లో వచ్చిన పేపర్ అది. నాలుగు వారాల తర్వాత ఒక జూనియర్ సహోద్యోగి, మొహమాటపడుతూనే, ఆ పేపర్ 2021లోనే ఉపసంహరించారని చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ రచయితలే మళ్లీ చేసి చూస్తే ఫలితం రాలేదు, తర్వాత అందులోని ఒక ప్రయోగం డేటాయే కల్పితమని బయటపడింది. నిజాయితీ మీద చేసిన పరిశోధనలో దొంగ డేటా!

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చిన ఆలోచన, ఆయనకు చెప్పాల్సిన పనేముంది అని. పద్ధతి ఆయనకు ఉపయోగపడుతున్నట్టే ఉంది కదా, ఎందుకు కదిలించడం? బందూరా జాబితా మొత్తం నా బుర్రలో వరుసగా నడిచింది. రెండు రోజుల తర్వాత సెషన్ మొదట్లోనే చెప్పేశాను. ఆయన చాలాసేపు నవ్వారు. ‘అయితే సంతకం మళ్లీ కిందికి మార్చమంటారా?’ అన్నారు. మీ ఇష్టం అన్నాను. పైనే ఉంచుకున్నారు.

పనిచేసినవి

నెల రోజుల శపథం బదులు మూడు వాక్యాలు పెట్టుకున్నాం. సైకాలజిస్టు పీటర్ గోల్‌విట్జర్ పద్ధతి: ‘ఫలానాది ఎదురైతే ఫలానాది చేస్తాను’ అని ముందే కట్టుకోవడం.

సంతకం గడి మీద పెన్ను ఆనగానే, పెన్ను అక్కడే పెట్టి ఫ్రిజ్ దగ్గరికి నడుస్తాను. ఎక్కడున్నావని అడిగితే, నిలబడిన చోటు చెప్తాను. ‘చూశారా?’ అంటే, ‘ఇంకా లేదు, ఎప్పటికి కావాలి?’ అంటాను.

డబ్బు సంగతి, మిగతావీ ముట్టుకోలేదు. ఆయన సుగుణాల పట్టిక వేసుకుంటానన్నారు, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 గుణాలు రాసుకుని వారానికొక దాని మీద దృష్టి పెట్టాడని ఎక్కడో చదివారట. వద్దన్నాను. ఫ్రాంక్లిన్ కూడా పూర్తిగా సాధించలేకపోయానని ఒప్పుకున్నాడు. పదమూడు గళ్లు ఇస్తే ఈయన పదమూడు టిక్కులూ ఒకేసారి పెడతారని నా భయం, అది ఆయనకు చెప్తే ఆయనకీ నవ్వొచ్చింది.

21 రోజుల్లో అలవాటవుతుంది కదా అని అడిగారు. అవదు. ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అదే అధ్యయనంలో ఒకరోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఆయన డైరీలో గుండ్రంగా చుట్టి పెట్టుకున్నది ఈ రెండో ముక్కనే.

అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం నేను చెప్పింది కాదు. ఆయన ఒక రోజు సిబ్బందిని పిలిచి ఇలా అన్నారట: ‘చూడకపోతే గడి ఖాళీ వదిలెయ్యండి. ఖాళీకి నేను ఏమీ అనను. చూడకుండా నింపితేనే అంటాను.’ అంతవరకు ఆ గిడ్డంగిలో ఖాళీ గడి అంటే నేరం, తప్పుడు అంకె అంటే మామూలు. ఆ నెల ఒక ఫ్రిజ్‌కి 60 గళ్లలో 9 ఖాళీగా మిగిలాయి. పై అధికారి ఆ షీట్ చూసి కేకలేశాడు. నాలుగేళ్లలో ఒక్క ఖాళీ లేనప్పుడు ఎవరూ ఏమీ అనలేదు! ఏ వేళల్లో ఖాళీలు వస్తున్నాయో చూస్తే ఎక్కువగా షిఫ్టు మారే సమయంలో. అక్కడ ఎవరి పని ఎవరిదో తేల్చి రాశారు, తర్వాతి నెల ఖాళీలు 2కి తగ్గాయి. అబద్ధపు అంకె కింద ఆ సమస్య నాలుగేళ్లు కనపడకుండా ఉంది.

మధ్యలో ఒక వింత మలుపు. నిజం చెప్పడం మొదలుపెట్టిన ఊపులో, ఒక జూనియర్ తయారు చేసిన రిపోర్టును పదిమంది ముందు ‘చెత్తగా ఉంది’ అన్నారు. ఆ అబ్బాయి రెండు రోజులు సెలవు పెట్టాడు. ‘నిజమే కదండీ చెప్పింది’ అని ఈయన వాదన. మంచి పని చేశానన్న భావన తర్వాతి తప్పుకి లైసెన్స్ ఇస్తుందని మోనిన్, మిల్లర్ అనే సైకాలజిస్టులు 2001లో చూపించారు. ఆ ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని తర్వాతి పరిశోధనలు అన్నా, ఈ గదిలో మాత్రం నాకు చాలా పెద్దదిగానే కనిపించింది. రిపోర్టులో ఏది తప్పో ఒక్క పేజీ చూపించమంటే చూపించలేకపోయారు. పూర్తిగా చదవలేదు. ‘చెత్తగా ఉంది’ అన్నది కూడా ‘చూశాను’ జాబితాలోకే వెళ్లింది.

తడిసిన పెట్టెలు

పాత అబద్ధం సంగతి నేను ఎత్తలేదు. ఎత్తాలని చాలాసార్లు అనిపించింది, ఆగాను. బయటినుంచి తోస్తే మనిషి అదే బలంతో వెనక్కి తోస్తాడు. తొమ్మిదో సెషన్‌లో ఆయనే అడిగారు: ‘పెట్టెల సంగతి చెప్పాలంటారా?’ చెప్తే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది, రెండు వైపులా రాయించాను. చెప్తే వైపు నష్టాలే ఎక్కువ తేలాయి. చెప్పకపోతే వైపు ఒకే ఒక్కటి రాశారు: ‘ఇంకో ఫ్రిజ్ ఆగినా ఇదే చేస్తాను.’

ఎలా చెప్పాలో రెండుసార్లు రిహార్సల్ చేశాం. మొదటిసారి ‘అప్పట్లో కొంచెం పొరపాటు జరిగింది సార్’ అని మొదలుపెట్టారు. నేను ఏమీ అనకుండా చూస్తూ కూర్చున్నాను. ఆయనే ఆగి, ‘నేను’ అని మళ్లీ మొదలుపెట్టారు.

చెప్పారు. సినిమాల్లోలా అధికారి భుజం తట్టలేదు. మెమో ఇచ్చారు, ఆ ఏడాది రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. ఇంట్లో భార్య ‘ఎవరడిగారని చెప్పావు?’ అని రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఆమె కోపం నాకు అన్యాయంగా అనిపించలేదు, ఆ జీతం మీద ఆమె కూడా లెక్కలు వేసుకుంది. ముందే ఇంట్లో చెప్పి ఉండాల్సింది, ఆ మాట నేను గుర్తు చేసి ఉండాల్సింది. ఆ వారం ఆయనకు అస్సలు నిద్ర లేదు.

కూతురికి మొదట ఉపన్యాసం ఇచ్చారు, అది గాలికి పోయింది. మెమో వచ్చాక మాత్రం తన లాగ్ షీట్ కథ దాచకుండా చెప్పారట. ఆ పిల్ల అంతా విని, ‘అయితే నా డైరీ మీద నువ్వు చూడకుండా సంతకం పెట్టావ్‌గా, అది కూడా చెప్పావా?’ అని అడిగింది. ఆదివారం రాత్రుళ్లు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఏ రోజు చదివిందో ఏ రోజు చదవలేదో చూసుకుని సంతకం పెడుతున్నారు. ఖాళీ గళ్లు చూసి టీచర్ ‘ఇంకా చదవాలి’ అని ఎర్ర ఇంకుతో రాసింది. పిల్ల దాన్ని పెద్దగా పట్టించుకోలేదట.

ముగింపు లెక్కలు

ఏడు నెలల్లో 14 సెషన్లు. జీఏడీ-7 11 నుంచి 5కి, పీహెచ్‌క్యూ-9 7 నుంచి 4కి తగ్గాయి. మూడింటి మెలకువ వారానికి ఒకటీ అరా. చివర్లో మళ్లీ ఒక వారం డైరీ రాయించాను. 8 వచ్చాయి: సమయం గురించి 2, డబ్బు 2, ‘చూశాను’ ఒక్కటీ లేదు, ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఆడినవి 4. ఆ చివరివి మూడు నుంచి నాలుగైనందుకు నాకేమీ దిగులు లేదు. జూనియర్ ఘటన తర్వాత అది కాస్త మెరుగే అనిపించింది. ఇవన్నీ ఆయన స్వయంగా రాసుకున్న లెక్కలు, ఒక్క మనిషివి. నేను వెళ్లి సరిచూసినవి కావు.

ఆరు నెలల తర్వాత ఫాలో అప్‌కి వచ్చారు. ఆడిట్ వారంలో ఒకసారి తప్పారట. ఊపిరాడని పనిలో, మూడు రోజుల సంతకాలు ఒకేసారి. మర్నాడు ఉదయం వెళ్లి వాటిని కొట్టేశారు. ఎలా కొట్టేశారని అడిగితే నా పెన్ను తీసుకుని చూపించారు: ఒకే ఒక గీత, పక్కన తేదీ, పొడి సంతకం. గీత కింద పాత రాత చదవగలిగేలా ఉండాలి, బరికేయకూడదు, వైట్‌నర్ పుయ్యకూడదు, రికార్డులకు అదే రూల్ అని చెప్పారు.

ఆయన వెళ్లాక ఈ కేసు ఫైల్ తెరిచాను. నాలుగో సెషన్ నోట్స్ మీద సెషన్ జరిగిన రోజు తేదీయే ఉంది. రాసింది మాత్రం మూడు రోజుల తర్వాత, ఒక ఆదివారం, మరో రెండు కేసుల నోట్స్‌తో కలిపి ఒకే కూర్చోవడంలో. తేదీ మీద ఒక గీత గీశాను. పక్కన అసలు తేదీ వేసి, పొడి సంతకం పెట్టాను. తర్వాత మిగతా రెండు ఫైళ్లు తీశాను.